బండి ఎంత మోస్తుంది?

ఈమధ్య మేమిద్దరం అమెరికాలో మా అబ్బాయి ఇంట్లో కొన్నాళ్ళున్నాము. అక్కడ జరిగిన ఒక సంగతి ఈ నెల మీతో చెప్పాలనిపించింది.

ఆ దేశంలో కొందరు సెలవులకు ఇల్లే వెంటబెట్టుకు పోతారు. పికప్ బండి వెనుక తొట్టి విప్పేసి, అక్కడ ఫ్లాట్‌బెడ్ అనే చదునైన బల్ల బిగిస్తారు. దానిమీద పడక, పొయ్యి, నీళ్ళ ట్యాంకు ఉన్న చిన్న గదిని కూర్చోబెడతారు. ఆ గదిని క్యాంపర్ అంటారు. మా అబ్బాయీ అలాగే చేయించాడు. గది ఎక్కించగానే బండి వెనుక కుంగింది. స్ప్రింగులకు తోడుగా గాలి సంచులు వేయించాడు. బండి సమంగా నిలిచింది. "ఇంక భయంలేదు నాన్నా, రేపే బయలుదేరదాం" అన్నాడు.

మాకు మన ఊరి లారీలు గుర్తొచ్చాయి. ఇంకో కమాను పట్టీ వేయించి, ఎక్కువ బస్తాలు ఎత్తడం మనం చూడలేదా? "ఒరే, సంచులు బండిని లేపాయి సరే, ఇరుసూ బ్రేకులూ టైర్లూ పాతవే గదా?" అని అడిగాము.

డ్రైవరు తలుపు తెరిస్తే పక్కన ఒక చీటీ అంటించి ఉంటుంది. మనుషులు, సామాను కలిసి ఇంతకు మించరాదని అందులో రాస్తారు. ఆ బండికి 1,400 కిలోలు. అందరం కూర్చుని లెక్క వేశాము. పాత తొట్టికంటే ఇనుప బల్ల ఎక్కువ బరువు 120 కిలోలు, ఖాళీ గది 900, నలుగురు మనుషులం 290, నీళ్ళు 150 లీటర్లంటే 150 కిలోలు, గ్యాసు, బ్యాటరీ, సామాను 160. మొత్తం 1,620! 220 కిలోలు ఎక్కువ. అబ్బాయి ముఖం చిన్నబోయింది. "పోనీ, మేమిద్దరం ఇంట్లో ఉంటాంలే" అన్నాము. వాడు ఒప్పుకోలేదు.

ప్రయాణం మూడు వారాలు వాయిదా వేశాడు. ఇనుప బల్ల తీసి, పాత తొట్టి బరువే ఉన్న అల్యూమినియం బల్ల వేయించాడు. నీళ్ళు 30 లీటర్లే ఉంచి, మిగతావి చేరినచోట పట్టుకుందామన్నాడు. లెక్క 1,380కి దిగింది. బరువంతా వెనుకకు పోతే ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు మాట వినదు. అందుకని గది బరువు మధ్యభాగం వెనుక ఇరుసుకు కాస్త ముందుకు వచ్చేలా జరిపించాడు. చివరకు లారీలు ఆగేచోట కాటా మీద ముందు ఇరుసు, వెనుక ఇరుసు విడివిడిగా తూయించాడు. రెండూ హద్దులోనే ఉన్నాయి. అప్పుడే బయలుదేరాము. కొండదారి దిగేటప్పుడు మాకు భయం వేయలేదు.

మీ ఇంట్లో ట్రాలీ ఆటో ఉంటే దాని ఆర్.సి. తీసి చూడండి. ఖాళీ బరువు, నిండు బరువు రెండూ అందులో ఉంటాయి. ఆ రెండింటి తేడాలోనే బస్తాలూ మనుషులూ అందరూ ఇమడాలి. బండి కుంగలేదు గదా అని పిల్లలను బస్తాలమీద ఎక్కించకండి.