కబాబ్ ఇజ్జత్ బొగ్గులోనే ఉంది

బక్రీద్ వచ్చిందంటే మన మొహల్లాల్లో ఏ డాబా మీద చూసినా పొగే. గోష్త్‌కు పచ్చి బొప్పాయి, దహీ, అల్లంవెల్లుల్లి, గరం మసాలా పట్టించి అమ్మీలు, ఆపాలు గంటల తరబడి నానబెడతారు. అంత మెహనత్ చేశాక బొగ్గు గురించి మాత్రం ఎవరికీ ఫికర్ ఉండదు. ఇంట్లో చిన్న కుర్రాణ్ణి దుకాణానికి తోలతాం. వాడు దొరికిన సంచి తెచ్చి, కిరోసిన్ గుమ్మరించి అగ్గిపుల్ల గీస్తాడు. మంట లేవగానే సీకులు ఎక్కుతాయి. తీరా దస్తర్‌ఖాన్ మీద కూర్చున్నాక మసాలా కంటే ముందు కిరోసినే నాలుకకు తగులుతుంది.

నిప్పు రాజేయడం పిల్లల ఆట కాదు, ఇంటి పెద్దల జిమ్మేదారీ అని నా అభిప్రాయం.

ముందు బొగ్గు సంగతి. మనకు కావలసింది కట్టె బొగ్గు. రాక్షసి బొగ్గు వద్దే వద్దు, దాని గంధకపు పొగ తిండికి పనికిరాదు. తుమ్మ, సర్కారు తుమ్మ లాంటి గట్టి కట్టె బొగ్గయితే నిప్పు ఎక్కువసేపు నిలుస్తుంది. కొబ్బరి చిప్పల బొగ్గు కూడా మంచి వేడినిస్తుంది. రెండు ముక్కలు తాటించి చూడండి. బాగా కాలిన బొగ్గు ఖంగుమంటుంది. విరిస్తే లోపల గోధుమ రంగు కనబడిందంటే అది సగం కాలిన కట్టె, పొగ తప్పదు. తడి బొగ్గు చిటపటలాడి నిప్పురవ్వలు చిమ్ముతుంది. ఏది మంచిదో తెలియకపోతే బొగ్గు ఇస్త్రీ చేసే భాయిని అడగండి. రోజూ దానితోనే ఆయన రోజీ.

ఇక వెలిగించడం. కిరోసిన్ దొరక్కపోతే బండిలోంచి పెట్రోల్ తీసేవాళ్లు, శానిటైజర్ పోసేవాళ్లు కూడా ఉన్నారు. సగం రాజుకున్న బొగ్గు మీద పెట్రోల్ పోస్తే మంట ఆ ధార వెంటే చేతిలోని సీసా దాకా ఎగబాకుతుంది. ఈద్ ఖుషీ కాస్తా ఆసుపత్రి పాలవుతుంది.

దాదీ, నానీల కాలంలో ఈ బాధ లేదు. చూల్హాలో ఎప్పుడూ కట్టెలు మండేవి. ఎర్రటి నిప్పులు నాలుగు తీసి అంగీఠీలో వేస్తే సరిపోయేది. గ్యాస్ వచ్చాక ఇంట్లో ఆ నిప్పు లేదు, జల్దీ మాత్రం మిగిలింది. అయినా ఉపాయం కష్టమేమీ కాదు. ఎండు కొబ్బరి పీచు, కాగితం అడుగున పెట్టి, చిన్న ముక్కలు గోపురంలా పేర్చి, కింద గాలి ఆడేలా చూసి వెలిగించండి. పంఖాతో మెల్లగా విసరండి. అరగంట సబ్ర్ చేస్తే మంట తగ్గి, బొగ్గు మీద తెల్లటి బూడిద పొర కడుతుంది. సీకులు పెట్టాల్సింది అప్పుడే. మంట మీద పెడితే పైన మాడి, లోపల పచ్చిగా ఉంటుంది. కొవ్వు కారి మంట లేస్తే సీకు పక్కకు జరపండి, నీళ్లు చల్లకండి. బూడిద ఎగిరి గోష్త్‌కు అంటుకుంటుంది.

అన్నిటికంటే పెద్ద ఖతరా ఒకటుంది. వానొచ్చిందనో, చలిగా ఉందనో అంగీఠీని గదిలోకి తెచ్చి తలుపులు మూస్తారు. పొగ లేదు కదా అనుకుంటారు. ఎర్రగా కణకణలాడే బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కళ్లు తిరగడం, మత్తు, ఆపైన మౌత్. నిద్రలో ఉన్నవాళ్లకు తెలియను కూడా తెలియదు. పడుకునే ముందు ఇంట్లో నిప్పు వదిలేయవద్దని రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లం) మనా చేసిన సంగతి సహీహ్ బుఖారీలో ఉంది. ఆ హదీస్ వినని ఇల్లు మనలో అరుదు, అమల్ చేసేవాళ్లే తక్కువ.

దావత్ అయిపోయాక బొగ్గును నీళ్లతో పూర్తిగా ఆర్పి, కలియబెట్టి, మళ్లీ నీళ్లు పోయండి. బూడిద కింద నిప్పు గంటల తరబడి దాక్కుంటుంది. తెల్లారి దాని మీద కాలు వేసేది మన పిల్లలే.

గోష్త్‌కు వేలు ఖర్చు పెడుతున్నాం. బొగ్గుకు ఇంకో యాభై రూపాయలు, నిప్పుకు అరగంట ఇవ్వలేమా?