డైనోసార్లు దొరికింది మన గోదావరి లోయలోనే.. పదో తరగతిలో శిలాజాల పాఠం మాత్రం కట్!

మధ్యప్రదేశ్ ధార్ జిల్లాలోని పాడల్యా గ్రామం. పొలాల్లో దొరికిన గుండ్రటి రాళ్లను అక్కడి రైతులు తరతరాలుగా కులదైవంగా కొలుస్తున్నారు. పంటను, పశువులను కాపాడేది కాకర్ భైరవుడే అన్నది వాళ్ల నమ్మకం. 2023 డిసెంబర్‌లో ఆ రాళ్ల సంగతి దేశమంతా వైరల్ అయింది. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ నిపుణులు చూసి, అవి డైనోసార్ గుడ్ల శిలాజాలని తేల్చారు.

ఆ రైతులను చూసి నవ్వాల్సిన పనేం లేదు. ఇది మామూలు రాయి కాదని వాళ్లు ఎప్పుడో పట్టేశారు. అదేంటో చెప్పేవాళ్లే లేకపోయారు. చెప్పాల్సింది బడి. కానీ సరిగ్గా అదే ఏడాది బడి పుస్తకంలో ఏం జరిగిందో తెలుసా?

ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్‌లో ‘అనువంశికత, పరిణామం’ అనే పాఠం కాస్తా ఒట్టి ‘అనువంశికత’గా మిగిలింది. డార్విన్ పోయాడు, శిలాజాలు పోయాయి, మనిషి పుట్టుక కథ కూడా పోయింది. కోవిడ్ తర్వాత పిల్లలపై భారం తగ్గించడానికే ఈ కోత అన్నది అధికారుల మాట. 2023 ఏప్రిల్‌లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు దీన్ని తప్పుబడుతూ బహిరంగ లేఖ రాశారు. 12వ తరగతిలో పరిణామం పాఠం ఉంది కదా అని జవాబు వచ్చింది.

ఉంది, నిజమే. కానీ ఎవరికి? బయాలజీ తీసుకున్న వాళ్లకి. మన దగ్గర పది పాసైన పిల్లల్లో ఎంపీసీకి, సీఈసీకి వెళ్లేవాళ్ల సంగతేంటి? ఆ పిల్లలకు పదో తరగతే ఆఖరి అవకాశం. ఏపీలోనూ 2024-25 నుంచి పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్‌కు మారింది. కాబట్టి ఇది ఢిల్లీ గొడవ అని వదిలేసేది కాదు.

ఇక్కడే అసలు విచిత్రం. దేశంలో శిలాజాల పాఠం చెప్పడానికి తెలుగు నేల కంటే మంచి చోటు దొరకడం కష్టం. ప్రాణహిత-గోదావరి లోయలో దొరికిన కోటసారస్‌కు 1988లో శాస్త్రీయంగా పేరు పెట్టారు. పూర్తి పేరు కోటసారస్ యామనపల్లియెన్సిస్. యామనపల్లి మన ఊరే! అదే లోయలో దొరికిన ఇంకో భారీ డైనోసార్ బరపాసారస్ టాగోరి. బరపా అంటే బెంగాలీలో పెద్ద కాలు. తవ్వకాలు జరిగిన 1961 రవీంద్రుడి శతజయంతి సంవత్సరం కావడంతో ఆయన పేరు కలిపారు. తవ్వింది కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ బృందం. లెక్కల సంస్థకు ఎముకలతో పనేంటి అనిపిస్తుంది కానీ, మహలనోబిస్ పట్టుబట్టి 1957లో లండన్ నుంచి పమేలా రాబిన్సన్‌ను పిలిపించి మరీ భూగర్భశాస్త్ర విభాగం పెట్టించారు.

కోటసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. పిల్లలు దాని ముందు సెల్ఫీ దిగి వచ్చేస్తారు. దాని గురించి అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. తవ్వకాల్లో కనీసం 12 జంతువుల ఎముకలు దొరికాయి. పుర్రె మాత్రం దొరకలేదు, దక్కింది రెండు పళ్లే. మరి ఆ తల ఎక్కడిది? దగ్గరి జాతుల్ని చూసి ఊహించి చేసిందే. ఆ పళ్లను బట్టి అది ఆకులు తినేదని ఎలా చెప్పారు? తుంటి ఎముక చూసి నడక ఎలా పోల్చుకున్నారు? ఏది కళ్లతో చూసిన సాక్ష్యం, ఏది దాన్నిబట్టి వేసిన అంచనా అనే తేడా పిల్లాడికి ఇక్కడ తెలిసినంత సులువుగా ఫార్ములాల్లో తెలియదు. రేపు ఫోన్‌లో ఏదో ఫార్వర్డ్ వచ్చినప్పుడు పనికొచ్చేదీ ఈ తేడానే.

సింగరేణి బొగ్గు కూడా శిలాజమే. 25 కోట్ల ఏళ్లకు పైగా కిందటి గ్లోసోప్టెరిస్ లాంటి చెట్లు పూడిపోయి బొగ్గయ్యాయి. అవే ఆకుల అచ్చులు ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, అంటార్కిటికాలో దొరకబట్టే ఖండాలు ఒకప్పుడు కలిసి ఉండేవన్న వాదనకు బలం వచ్చింది. ఆ మహాఖండం పేరు గోండ్వానా.. మన గోండుల నేల పేరే. రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడి క్వారీల్లో లావా రాళ్ల మధ్య పొరల్లో సముద్ర జీవుల గుల్లలు కనిపిస్తాయి. కంకర కోసం రోజూ కొట్టేది ఆ రాళ్లనే. ఒక్క ఫీల్డ్ ట్రిప్‌లో బయాలజీ, కెమిస్ట్రీ, జాగ్రఫీ మూడూ వచ్చేస్తాయి. దీన్ని భారం అంటే ఎలా?

బట్టీ పట్టించే పాఠమైతే మాత్రం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. అది ఒప్పుకోవాల్సిందే. ఉమ్మడి రాష్ట్రంలో తయారైన పదో తరగతి జీవశాస్త్రం పుస్తకంలో యామనపల్లి డైనోసార్ ప్రస్తావన ఉండేది. ఒక మార్కు బిట్‌గా చదివి వదిలేసినవాళ్లే ఎక్కువ. తీసేసిన పేజీలు తిరిగి పెట్టాలన్న డిమాండ్‌తో పాటు, టీచర్ చేతికి నాలుగు రాళ్లు, మ్యూజియానికి ఒక బస్సు కూడా అడగాల్సి ఉంది.