సముద్రం దాటిన శోకం

మొహర్రం నెల రాగానే పాతబస్తీ వీధుల రంగు మారిపోతుంది. దబీర్‌పురాలోని బీబీ కా అలావా దగ్గర నల్లబట్టలు కట్టుకున్న జనం కిక్కిరిసిపోతారు. పదో రోజున బీబీ కా ఆలం ఏనుగు మీద చార్మినార్ మీదుగా చాదర్‌ఘాట్ వైపు సాగుతుంది. ఆ రోజుల్లో మన సంఘాల్లో ఎక్కువగా వినిపించే మాటలు రెండు. దారులు మూసేస్తే ఆరాధనకు ఎలా వెళ్లాలన్నది ఒకటి. అది వాళ్ల సంగతి, మనకెందుకన్నది రెండోది. మొదటిది అవసరమైన ప్రశ్నే. రెండో మాట గురించే మనం ఆలోచించాలి. పొరుగువారి శోకాన్ని ‘మనకెందుకు’ అని వదిలేస్తే ఏమవుతుందో చెప్పే చరిత్ర ఒకటి మనకు చాలా దూరంలో, కరీబియన్ సముద్రంలోని ట్రినిడాడ్ ద్వీపంలో ఉంది.

ట్రినిడాడ్ అనగానే మన యువకులకు బ్రయాన్ లారా గుర్తొస్తాడు. కానీ ఆ దేశంతో మన బంధం క్రికెట్ కన్నా పాతది. బ్రిటిష్ పాలనలోని ఆ ద్వీపంలో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు చెరకు తోటల్లో పనిచేసేవారు. 1834లో బానిసత్వ రద్దు చట్టం అమలుకొచ్చినా వారికి పూర్తి స్వేచ్ఛ 1838లో గానీ దొరకలేదు. స్వేచ్ఛ పొందినవారు తోటలు విడిచి వెళ్లడంతో యజమానుల చూపు మన దేశం మీద పడింది. 1845 మే 30న ‘ఫతెల్ రజాక్’ అనే ఓడ కలకత్తా నుంచి 200 మందికి పైగా కూలీలతో అక్కడికి చేరింది. 1917 వరకు దాదాపు 1,44,000 మంది అలా వెళ్లారు. ఎక్కువమంది నేటి ఉత్తరప్రదేశ్, బీహార్ ప్రాంతాలవారు. మద్రాసు నుంచి వెళ్లిన ఓడల్లో తమిళులతో పాటు మన తెలుగువారూ ఉన్నారు. అక్కడ అందరినీ కలిపి ‘మద్రాసీలు’ అనేవారు.

వాళ్లు బానిసలు కారు, ఒప్పంద కూలీలు. ఒప్పందం ఐదేళ్లు. కానీ చీటీ లేకుండా తోట దాటితే నేరం, పనికి రాకపోతే జైలు. ఊరు, బంధువులు, భాష అన్నీ వెనకే ఉండిపోయాయి. అయినా ఒక జ్ఞాపకాన్ని మాత్రం వారు తమతో తీసుకెళ్లారు. అదే మొహర్రం. క్రీస్తుశకం 680లో కర్బలాలో తనవారితో సహా హతుడైన ఇమామ్ హుస్సేన్‌ను తలచుకునే ఆ దినాలకు అక్కడ ‘హోసే’ అని పేరు. హుస్సేన్ అన్న పిలుపే అలా మారింది. వెదురు, రంగు కాగితాలతో సమాధి మందిరం లాంటి తాజియాలు కట్టి, తాసా డప్పులతో ఊరేగించి, చివరికి సముద్రంలో కలిపేవారు.

తెలంగాణ పల్లెల్లో పుట్టి పెరిగినవారికి ఇందులో వింతేమీ ఉండదు. మన ఊళ్లలో పీర్ల పండుగకు గుండం తవ్వేవారిలో, దాని చుట్టూ ఆడేవారిలో హిందువులు ఎంతమందో మనకు తెలుసు. ట్రినిడాడ్‌లోనూ అంతే. తాజియాల వెంట ముస్లింలతో పాటు హిందూ కూలీలు నడిచారు. ఆఫ్రికా సంతతివారూ డప్పు వాయించారు. ఏడాదంతా ఎవరి తోటలో వారు బందీలుగా ఉండే కూలీలు అందరూ కలిసి తలెత్తి రహదారి మీద నడిచే అరుదైన రోజు అది. అందుకే ఆ శోకం ఒక మతానికే పరిమితం కాలేదు, శ్రమించే వారందరిదీ అయింది.

ప్రభుత్వానికి మాత్రం అందులో శోకం కనిపించలేదు, గుంపు కనిపించింది. 1880లలో చక్కెర ధరలు పడిపోయాయి. యజమానులు పని భారం పెంచారు, తోటల్లో సమ్మెలు జరిగాయి. 1884లో హోసే ఊరేగింపులు పోర్ట్ ఆఫ్ స్పెయిన్, శాన్ ఫెర్నాండో పట్టణాల్లోకి రాకూడదని ఆంక్షలు పెట్టారు. కూలీలు విన్నపం పంపుకున్నారు, అది చెల్లలేదు. ఆ ఏడాది అక్టోబరు 30న తాజియాలు ఎప్పటిలాగే సముద్రం వైపు కదిలాయి. శాన్ ఫెర్నాండో పొలిమేరలో మేజిస్ట్రేటు హెచ్చరిక చట్టం చదివాడు. డప్పుల హోరులో అది ఎందరికి వినిపించి ఉంటుంది? వినిపించినా ఆ ఆంగ్లం ఎందరికి అర్థమై ఉంటుంది? తుపాకులు పేలాయి. కనీసం 16 మంది చనిపోయారు, 100 మందికి పైగా గాయపడ్డారు. మృతుల సంఖ్య అంతకన్నా ఎక్కువని చెప్పే చరిత్రకారులూ ఉన్నారు. తర్వాత జమైకా గవర్నర్ సర్ హెన్రీ నార్మన్ విచారణ జరిపి అధికారుల చర్యను సమర్థించాడు.

ఇది చదువుతుంటే నిర్గమకాండము ఐదో అధ్యాయం గుర్తుకు రావడం లేదూ? అరణ్యంలో తమ దేవునికి పండుగ చేసుకోవడానికి సెలవిమ్మని హెబ్రీయులు అడిగితే ఫరో ఏమన్నాడు? వీళ్లు సోమరులయ్యారన్నాడు. గడ్డి ఇవ్వకుండానే అన్ని ఇటుకలూ చేయించమన్నాడు. మనిషిని పనిచేసే రెండు చేతులుగా మాత్రమే చూసేవాడికి ఆ మనిషి భక్తి సోమరితనంలా, ఆ మనిషి శోకం తిరుగుబాటులా కనిపిస్తాయి. ఫరోకు వినిపించని ఆ మూలుగు దేవునికి వినిపించింది. మన విమోచన చరిత్ర అక్కడే మొదలైంది.

అదే శాన్ ఫెర్నాండోలో ఆనాటికే ఒక దేవాలయం ఉంది. పేరు ‘సుసమాచార్’. హిందీలో సువార్త అని అర్థం. కెనడా ప్రెస్బిటేరియన్ మిషనరీ జాన్ మోర్టన్ ఆరోగ్యం కోసం ఆ ద్వీపానికి వెళ్లి, భారతీయ కూలీల స్థితి చూశాడు. 1868లో కుటుంబంతో తిరిగి వచ్చి సేవ మొదలుపెట్టాడు. రెండేళ్లకు కెనెత్ గ్రాంట్ వచ్చి చేరాడు. వాళ్లు హిందీ నేర్చుకున్నారు, కూలీల పిల్లలకు బడులు పెట్టారు. నపరీమా కళాశాల, 1912లో ఆరంభమైన నపరీమా బాలికల ఉన్నత పాఠశాల ఆ సేవలోంచి పుట్టినవే. నేటికీ ఆ సంఘపు బడుల్లో హిందూ, ముస్లిం, క్రైస్తవ పిల్లలు కలిసి చదువుకుంటున్నారు.

అయితే ఈ కథకు మరో పక్క కూడా ఉంది. ఆ బడులకు తోటల యజమానుల చందాలు అందేవి. బలవంతుడి చెయ్యి పట్టుకుని నడిచే సంఘానికి బలహీనుడి ఏడుపు వినడం ఎప్పుడూ కష్టమే. ఈ ప్రశ్న ట్రినిడాడ్‌తో పోదు. మన సంఘాల చందా పుస్తకాల్లో ఎవరి పేర్లు ముందున్నాయి, మన ప్రార్థనల్లో ఎవరి కన్నీళ్లు ముందున్నాయి అని ప్రతి సంఘమూ చూసుకోవలసిందే.

పొరుగువారి శోకాన్ని గౌరవిస్తే మన విశ్వాసం పలచబడిపోదా అని అడిగేవారున్నారు. ఆ భయం అక్కర్లేదు. మనం ఆలంకు మొక్కం, మొక్కనవసరం లేదు. సిలువలో జరిగిన కార్యం గురించి మనం నమ్మేది దాచుకోనవసరమూ లేదు. కానీ గౌరవం వేరు, ఆరాధన వేరు. బేతనియలో లాజరు సమాధి దగ్గర తాను చేయబోయేది ప్రభువుకు తెలుసు. అయినా ఏడుస్తున్నవారిని చూసి ఆయన కన్నీరు కార్చాడు. ఏడ్చేవారితో కలిసి ఏడవమని రోమీయులకు రాసిన పౌలు ముందు వాళ్ల మతం కనుక్కోమని రాయలేదు. బబులోనులో చెరగా ఉన్నవారికి యిర్మీయా రాసిన ఉత్తరంలోనూ తాము నివసించే పట్టణపు క్షేమం కోరమనే ఉంది. పాతబస్తీలో కాపురముంటున్న మనకు ఆ పట్టణం ఏదో వేరే చెప్పాలా?

మరి మనం చేయగలిగిందేమిటి? ఊరేగింపు రోజున ఆరాధన వేళ మార్చుకోవలసి వస్తే సణగకుండా మార్చుకుందాం. దాహంతో వచ్చినవారికి మన గేటు దగ్గర మంచినీళ్లు పెడదాం. పొరుగువారి విశ్వాసాన్ని ఎగతాళి చేసే సందేశం ఫోనులోకి వస్తే మరొకరికి పంపకుండా అక్కడే ఆపుదాం. అన్నిటికన్నా ముందు, పక్కింటివారిని కర్బలాలో ఏం జరిగిందని అడిగి, ఓపిగ్గా విందాం. మన శుభ శుక్రవారం గురించి వారు అడిగే రోజు కూడా వస్తుంది. వినడం తెలిసినవాడి సాక్ష్యాన్నే లోకం వింటుంది.

ట్రినిడాడ్‌లో సెయింట్ జేమ్స్, సెడ్రోస్ ప్రాంతాల్లో హోసే నేటికీ సాగుతోంది. 1884 నాటి తుపాకులు దాన్ని ఆపలేకపోయాయి. కన్నీటిని ఆజ్ఞలతో ఆపడం ఏ రాజుకూ చేతకాలేదు. ప్రతి కన్నీటి బొట్టునూ తుడుస్తానన్న దేవుని పిల్లలం మనం. పొరుగువాడు ఏడుస్తున్నప్పుడు తలుపు మూసుకునే హక్కు మనకు లేదు.