కూర గిట్టనివారి కంచం

షోలాపురం నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం మా బల్ల మీద ఉన్నది. వారి భర్తకు నలభై ఆరేళ్ళు. బరువు తగ్గకపోతే మాత్రలు పెంచవలసి వస్తుందని వైద్యుడు చెప్పినాడట. ఆయన వంకాయ తప్ప మరొక కూరగాయ ముట్టరు; ఆ వంకాయ అయినా నూనెలో మునిగి తేలి రావాలి. ఆకుకూర కంచంలో కనబడితే "నేనేమన్నా మేకనా?" అని లేచిపోతారట. "కూర తినని మనిషి బరువెట్లా తగ్గుతాడు? తగ్గితే నీరసపడడా? కాకరకాయ రసం త్రాగించమని మా ఆడబిడ్డ చెబుతున్నది, త్రాగించనా?" అని ఆమె అడిగినారు. ఇటువంటి ఉత్తరాలే బెంగుళూరు నుంచీ సేలం నుంచీ కూడా వచ్చినవి గనుక ఈ నెల శీర్షిక అంతా దీనికే ఇస్తున్నాము.

మేము వైద్యులం కాము. బరంపురంలో ఒక కార్యాలయంలో జమాఖర్చులు వ్రాసుకొనే గుమాస్తాలం. అయితే బరువు సంగతి చాలవరకు జమాఖర్చుల సంగతే కాబట్టి కొంత ధైర్యంగానే కలం పట్టినాము.

మొదట ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. కూరగాయలు తిన్నంత మాత్రాన ఎవరూ సన్నబడరు. తిన్నది జమ, ఒళ్ళు వాడుకొన్నది ఖర్చు, మిగిలినది నడుము చుట్టూ నిల్వ. ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు లోటు పడాలి. రోజుకు 250 కేలరీలు తగ్గించుకొన్నవారికి నెలకు కిలో దరిదాపుగా తగ్గుతుంది. తరువాత తరువాత ఇంకా నెమ్మదిస్తుంది, ఎందుకంటే ఒళ్ళు తగ్గేకొద్దీ దాని ఖర్చూ తగ్గుతుంది. ఈ 250 ఎక్కడ నుంచి తీయాలి? డెబ్బై గ్రాముల బియ్యంలో ఉన్నవి అన్నే. చిన్న టీ గ్లాసెడు బియ్యం కంటే కాస్త తక్కువే. లేదా అయిదారు చెంచాల నూనె. అయిదు గ్రాముల చెంచాడు నూనెకు 45 కేలరీలు. నెయ్యి కూడా అంతే, ఇంట్లో కాచిన నెయ్యి అని దానికి మినహాయింపేమీ లేదు.

ఇక కూరగాయల వంక చూడండి. పావుకిలో దొండకాయలకు యాభై కేలరీలు మించవు. వాటినే మన ఇళ్ళలో కరకరలాడేదాకా వేపడానికి అరవై గ్రాముల నూనె పోస్తాము. ఆ నూనెకు 540. అది కూర అని పేరే గాని తిన్నది నూనె. కూర తినని భర్తకు ఎట్లాగైనా తినిపించాలని ఇల్లాలు వేపుడు మీద వేపుడు చేస్తున్నది, ఆయన నడుము పెరుగుతున్నది, "కూర తింటున్నా తగ్గటం లేదే!" అని ఇద్దరూ ఆశ్చర్యపడుతున్నారు. ఈ వింత మేము పది ఇళ్ళలో చూచినాము.

కూరగాయల గొప్పతనం మరొకచోట ఉన్నది. కడుపు నింపుతాయి, కేలరీలు తక్కువ. పీచు ఇస్తాయి, విటమినులు ఇస్తాయి. అన్నం తగ్గించినచోట ఖాళీ ఏర్పడుతుంది గదా, ఆ ఖాళీలో కూర్చునేది ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే రాత్రి పది గంటలకు జంతికల డబ్బా మూత చప్పుడవుతుంది.

ఎంత తినాలి అనేదానికి మన దేశపు లెక్క ఒకటి ఉన్నది. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు బెరిబెరి జబ్బును పరిశోధించడానికి ఒక చిన్న గదిలో పని మొదలుపెట్టినాడు. ఆ సంస్థే పెరిగి 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ అయినది. ఆ సంస్థవారు 2024లో ప్రకటించిన ఆహార సూచనల ప్రకారం రోజుకు 2,000 కేలరీలు కావలసిన మనిషికి ధాన్యం 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400, పండ్లు 100, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు, పల్లీలు నువ్వుల వంటివి 35, నూనె నెయ్యి కలిపి 27 గ్రాములు. ఇవి వండకముందు తూకాలు. బంగాళాదుంప ఈ 400లోకి రాదని గ్రహించవలసింది. ధాన్యంలో ఇడ్లీ, అట్టు, ఉప్మా అన్నీ చేరుతాయి. మన ఇళ్ళలో ఒక్క పూట కంచంలోనే 200 గ్రాముల బియ్యపు అన్నం దిగుతున్నది.

నూనె లెక్క ఇల్లాళ్ళకు ఇట్లా చెబితే సులువు. నలుగురున్న ఇంటికి నెలకు, నెయ్యితో కలిపి, మూడున్నర లీటర్లు. అయిదు లీటర్ల డబ్బా నెలాఖరుకు ఖాళీ అవుతున్నదంటే తలకు రోజుకు 38 గ్రాములు పడుతున్నదన్నమాట. కొట్టు చీటీ తీసి చూచుకోండి.

ఇప్పుడు అసలు చిక్కు. కొందరికి కూర ఎందుకు గిట్టదు? మొండితనం అని ఇంట్లోవారు తేల్చేస్తారు. పూర్తిగా అది న్యాయం కాదు. 1931లో అమెరికాలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఒక పొడిని పని చేస్తూ ఉండగా అది గాలిలోకి లేచింది. ప్రక్కనున్నవానికి నోరంతా చేదయింది, ఫాక్సుకు మాత్రం ఏమీ తెలియలేదు. ఆ మీదట తేలినదేమంటే, కొన్ని రకాల చేదును పట్టే శక్తి పుట్టుకతోనే మనిషి మనిషికీ వేరుగా ఉంటుంది. క్యాబేజీ, ఆవకూర వంటివి ఒకరికి కమ్మగా ఉంటే మరొకరికి నాలుక మీద చేదు నిలుస్తుంది. మరికొందరికి రుచితో తగాదా లేదు, తగాదా అంతా జిగురుతోనూ మెత్తదనంతోనూ. బెండకాయ జిగురు, సొరకాయ నీరు, పొట్లకాయ వాసన. క్యాబేజీని ఎంతసేపు ఉడికిస్తే అంత గంధకపు వాసన వేస్తుందని కూడా తెలిసిన విషయమే. అది గిట్టనివానిని తప్పు పట్టలేము.

కాబట్టి ముందు అడగవలసిన ప్రశ్న "ఎందుకు తినవు?" అని కాదు, "దీంట్లో నీకు ఏది గిట్టదు?" అని. చేదు అయితే ఉప్పు, పులుపు కొంత అణుస్తాయి. జిగురు అయితే బెండకాయను తుడిచి, ఆరబెట్టి, చింతపండుతోనో పెరుగుతోనో వండితే విరుగుతుంది. మెత్తదనం అయితే పచ్చిగా తురిమి పెట్టాలి. వాసన అయితే తక్కువసేపు ఉడికించాలి.

ఇక్కడ మాకు ఒక అభిప్రాయం ఉన్నది, దాచుకోము. తరతరాలుగా పరాయి భాషల మధ్య కాపురం చేస్తున్నవారం మనం. వారి మాట నేర్చుకొన్నాము, కట్టు నేర్చుకొన్నాము, వారి తీపి పదార్థాలు మరీ త్వరగా నేర్చుకొన్నాము. వారి కూర వండే తీరు మాత్రం గడప దాటి లోపలికి రానివ్వలేదు. కూర గిట్టనివారికి అక్కడే మందు ఉన్నది.

మా ఒరియా పొరుగువారి దాల్మా చూడండి. కందిపప్పులో పచ్చి అరటికాయ, బొప్పాయికాయ, గుమ్మడి, వంకాయ, ములక్కాడ వేసి కలిపి ఉడికిస్తారు. పైన వేయించిన జీలకర్ర, ఎండుమిరప పొడి, కాస్త కొబ్బరి. నూనె తాలింపుకు ఒక్క చెంచా. గిట్టనివారి కోసం ముక్కలను గరిటెతో మెదిపి పప్పులో కలిపేస్తే ఏది ఏ కాయో పోల్చుకోవడానికి లేదు. ములక్కాడలు మాత్రం మెదపవద్దు, నోట్లో పీచు తగిలితే మోసం బయటపడుతుంది. తమిళ దేశంలోనివారికి కూటు ఉన్నది. పెసరపప్పు, కొబ్బరి, పొట్లకాయ, మిరియాలు. కన్నడ దేశంలో కోసంబరి, నానిన పెసరపప్పులో తురిమిన దోసకాయో క్యారెట్టో వేసి నిమ్మకాయ పిండుతారు, పొయ్యి ముట్టించనక్కరలేదు. అక్కడే బస్సారు అని మరొకటి. ఆకుకూర, పప్పు ఉడికిన నీళ్ళను వంచి చారు కాస్తారు. ఆకు నమలడానికి ఒప్పుకోనివారు ఆ చారయినా పోసుకొంటారు. మా షోలాపురం సోదరికి చేతి దూరంలోనే థాలిపీఠ్ ఉన్నది. ఆ పిండిలో సొరకాయ తురుము సగానికి సగం కలిపి పెనం మీద కాల్చవచ్చు. నూనె మాత్రం చెంచాతో కొలిచి వేయాలి. యానాంవారు పులస రోజులలో ఈ పేజీ చదవరని మాకు తెలుసు. అయినా పులస పులుసులో బెండకాయలు వేస్తారు గదా, వాటిని కంచం అంచుకు నెట్టకుండా ఉంటే చాలు.

మన సొంతదీ ఒకటి ఉన్నది. తెలుగువాడు కూరను కాదన్నా రోటి పచ్చడిని కాదనడు. బీరకాయ, దోసకాయ, సొరకాయ, టమాటా, గోంగూర ఇవన్నీ రోట్లోకి దిగితే మేక సంగతి ఎత్తేవారే ఉండరు. అయితే దీనిలో ఒక గోతి ఉన్నది. పచ్చడి బాగా కుదిరిన రోజున అన్నం లెక్క తప్పుతుంది. అందుచేత అన్నం ముందే కొలిచి వడ్డించి, గిన్నెను వంటింట్లోనే ఉంచి రావలె. పచ్చడి కదా అని ఊరగాయను ఆ స్థానంలో కూర్చోబెట్టరాదు. మా ఊరి ఊరగాయలకూ అప్పడాలకూ మంచి పేరు. మాకూ వాటి మీద ప్రేమే. కాని ఊరగాయ ఉప్పు, నూనె. వేపిన అప్పడం ఉప్పు, సోడా, నూనె. రోజు మొత్తానికి 5 గ్రాముల ఉప్పు మించరాదంటారు.

బొత్తిగా ఏ కూరా దిగనివారికి కొంత వేరే దారి ఉన్నది, పూర్తిగా కాదు. పీచు కోసం పొట్టు పెసలు, సెనగలు, ఉలవలు, చిక్కుడు గింజలు, రాగి, కొర్ర. సి విటమిను కోసం జామకాయ; 100 గ్రాముల జామలో 200 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పండును నమిలి తినాలి గాని రసం తీసి త్రాగరాదు, పీచు పోయి చక్కెర మిగులుతుంది. ఇంతచేసినా ఆకుకూరల లోటు పూర్తిగా తీరదు. కాబట్టి ప్రయత్నం మానవద్దు. ఒక కూరను ఎంచుకొని, ఒక్క చెంచాడు, పోరు పెట్టకుండా, వారానికి రెండుసార్లు వడ్డించండి. కొత్త రుచికి పిల్లలు అలవాటుపడడానికి ఎనిమిది పది సార్లు పడుతుందని పరిశోధకులు చెప్పినారు. పెద్దలకు ఇంకా కొంత ఓపిక కావాలి.

మా ఇంటి ముచ్చట ఒకటి చెప్పక తప్పదు. మా మామగారికి చక్కెర జబ్బు ముదిరి యాభై ఎనిమిదో ఏట కాలు తీయవలసి వచ్చింది. ఆయన చేతికర్రలు ఇప్పటికీ ఆ ఇంటి మూలన ఉన్నాయి. ఆయన కొడుకు, మా బావమరిది, నలభై రెండేళ్ళవాడు. నిరుడు తూస్తే 88 కిలోలు, నడుము 104 సెంటీమీటర్లు. మన దేశపు మగవారికి 90, ఆడవారికి 80 దాటితే జాగ్రత్త పడాలంటారు. అంటే సుమారు ముప్పై అయిదు అంగుళాలు, ముప్పై ఒకటిన్నర అంగుళాలు. రక్తంలో చక్కెర గీత మీద ఉన్నది. "బావా, నన్ను గడ్డి మాత్రం తినమనకు. ఇంకేం చెప్పినా వింటాను" అన్నాడు. "సరేలేవోయ్, గడ్డి వద్దు, కొలత పెట్టుకో" అన్నాము.

వాళ్ళావిడ బియ్యం కొలగ్లాసు మార్చింది. వేపుళ్ళు ఆదివారానికి పరిమితం చేసింది. మెదిపిన దాల్మా వారానికి నాలుగు రోజులు. సాయంత్రం నాలుగింటికి ఆఫీసు వెలుపల తినే రెండు వడలకు బదులు ఒక జామకాయ, గుప్పెడు ఉడికిన సెనగలు. రాత్రి భోజనం అయిన తరువాత అరగంట నడక. మొదటి నెలలో అతనికి విసుగు, ఆవిడకు అతని విసుగుతో విసుగు. ఎనిమిది నెలలకు 82 కిలోలు, నడుము 97. ఎవరూ గుర్తుపట్టేంత మార్పు కాదు; పాత చొక్కా గుండీలు పడుతున్నవి, అంతే. కాని శరీరపు బరువులో నూటికి 5 నుంచి 7 వంతులు తగ్గినా చక్కెరకు, రక్తపు పోటుకు మేలని వైద్యులు చెబుతారు, అతనికీ అట్లాగే అయింది. ఇంకా తగ్గవలసింది ఉన్నది. కాకరకాయ ఇప్పటికీ ముట్టడు. వాని కొడుకు మాత్రం దాల్మాలో గుమ్మడి ముక్క ఏరుకొని తింటున్నాడు, తండ్రి కంచం అంచున ముక్కలు పోగుపడడం మానేసినప్పటి నుంచి.

చక్కెరకు మాత్రలో సూదిమందో వాడుతున్నవారు అన్నం తగ్గించబోయే ముందు వైద్యునితో చెప్పాలి. తిండి తగ్గి మందు అట్లాగే ఉంటే చక్కెర హఠాత్తుగా పడిపోయి చెమటలు పట్టి కూలబడవచ్చు. మూత్రపిండాల జబ్బున్నవారు ఆకుకూరలు, పప్పులు, పండ్లు ఎంత తినవచ్చునో వైద్యునే అడగాలి. వారికి పైన వ్రాసినది వర్తించదు. వారానికి అరకిలో కంటే వేగంగా తగ్గాలని పస్తులుండేవారు కొవ్వుతోబాటు కండనూ పోగొట్టుకొంటారు.

ఇక సోదరి మూడవ ప్రశ్న, కాకరకాయ రసం. త్రాగించనక్కరలేదు. అది మాత్రలకు బదులు కాదు. దాన్ని నమ్మి మాత్రలు ఆపరాదు. కూర అంటేనే ముఖం తిప్పే మనిషికి పొద్దున్నే చేదు గ్లాసు అందిస్తే మిగతా కూరల మీద ఉన్న కాస్త సయోధ్యా పోతుంది. ఆడబిడ్డగారికి కాకరకాయ ఇష్టమైతే ఆవిడనే తిననివ్వండి. మీరు సొరకాయ తురమండి.