లెక్కలో లేనోళ్లకు మందెక్కడిది?

కీళ్ల నొప్పులంటే మన వాడల్లో ముసలితనపు జబ్బు అనుకుంటాం. నాట్లేసి, కలుపు తీసి, తట్టలు మోసిన వొళ్లు గదా, నొప్పులు రాక ఏమొస్తయి అని సర్దుకుంటాం. కానీ పాతికేళ్ల పిల్లకు కీళ్లు వాచి, జ్వరం వదలక, జుట్టూడి, ముఖం మీద దద్దులు లేచి, ఆఖరికి కిడ్నీలు పోయే జబ్బొకటుంది. పేరు లూపస్. బయటి రోగాలతో కొట్లాడాల్సిన వొంట్లోని కాపలా బలగమే తిరగబడి సొంత వొంటిని తింటది. రోగులు పదిమందిలో తొమ్మిదిమంది ఆడోళ్లే. ఇది అంటురోగం కాదు. చేతబడీ కాదు. పూర్తిగా పోగొట్టే మందు లేదు గాని, తొందరగా పట్టుకుంటే అదుపులో పెట్టొచ్చు.

ఈ జబ్బు చుట్టూ అమెరికాలో నల్లజాతి ఆడోళ్లకు జరిగింది మనం తెలుసుకోవాలి. 1873లో ఫూలే తన 'గులాంగిరీ' పుస్తకాన్ని అక్కడ బానిసత్వం రద్దుకు పాటుపడినవాళ్లకు అంకితమిచ్చాడు. వాళ్ల గోస మనకు దూరపు ముచ్చట కాదు.

అక్కడ తెల్ల ఆడోళ్లతో పోలిస్తే నల్ల ఆడోళ్లకు లూపస్ రెండు మూడు రెట్లు ఎక్కువ. చిన్న వయసులోనే వస్తది. కిడ్నీలకు ఎక్కువగా పాకుతది. ప్రాణాలూ ఎక్కువే తీస్తది. న్యాయంగా అయితే మందుల పరీక్షల్లో వాళ్లే ముందుండాలి. 2018లో అచ్చయిన ఒక పరిశీలన లెక్క తీస్తే తేలిందేమిటి? లూపస్ రోగుల్లో నూటికి 43 మంది నల్లవాళ్లు. మందుల పరీక్షల్లో చేరినవాళ్లలో నూటికి 14 మందే.

దీనివల్ల ఏమవుతది? 2011 మార్చిలో బెలిముమాబ్ అనే మందుకు అమెరికా ప్రభుత్వం అనుమతిచ్చింది. యాభై ఏళ్ల తర్వాత లూపస్ కోసం వచ్చిన మొదటి కొత్త మందు అది. దాన్ని పరీక్షించింది చాలా దేశాల్లో, రెండు పెద్ద పరీక్షల్లో. మొత్తం 1,684 మంది రోగులుంటే అందులో నల్లవాళ్లు 148 మంది. ఆ కొద్దిమందిలో మందు పనిచేసినట్టు కనపడలేదు. అది నిజమా, తక్కువమంది ఉండబట్టి అట్లా కనపడిందా? చెప్పగలిగినవాడు లేడు. నల్లవాళ్లకు జాగ్రత్తగా వాడమని మందు కాగితంలో రాసి అమ్మారు. నల్లవాళ్ల మీద విడిగా పరీక్ష చెయ్యాలని ప్రభుత్వం కంపెనీకి షరతు పెట్టింది. ఆ ఫలితం అచ్చయ్యేసరికి 2022 వచ్చింది. ముందుగా పెట్టుకున్న ప్రధాన కొలమానం మీద మందు గెలిచిందని ఖాయంగా తేలలేదు గాని, జబ్బు ఉధృతంగా ఉన్న కొందరికి మేలు కనపడింది. ఈ మాత్రం తెలియడానికి పదకొండేళ్లు! జబ్బు ఎవరిని ఎక్కువ చంపుతదో, వాళ్లకే ఆ మందు సంగతి చివర్న తెలిసింది.

వాళ్లు పరీక్షలకు రారు, మేమేం చేస్తాం అనే మాట ఒకటుంది. రారా, రానివ్వరా? ఆ రెండు పరీక్షల్లోనూ లూపస్ కిడ్నీలకు గట్టిగా సోకినోళ్లను చేర్చుకోకూడదని నిబంధన. అట్లా సోకేది ఎవరికి ఎక్కువ? నల్లవాళ్లకే. నిబంధనలో రంగు మాట లేదు, అయినా దెబ్బ తగిలేది వాళ్లకే. నెలనెలా ఆసుపత్రికి తిరిగే ఖర్చు, పోయే కూలి, ఇంటికాడ పిల్లల్ని చూసే మనిషి లేకపోవడం, ఇవన్నీ కూడా అడ్డుగోడలే.

ఇంకో గోడ భయం. ఆ భయం ఊరికే పుట్టలేదు. అలబామా రాష్ట్రంలోని టస్కెగీ దగ్గర 1932 నుంచి 1972 దాకా అమెరికా ప్రభుత్వ ఆరోగ్యశాఖే 600 మంది పేద నల్లవాళ్ల మీద ఒక పరిశోధన నడిపింది. వాళ్లలో 399 మందికి సిఫిలిస్ ఉంది. వైద్యం చేస్తున్నామని నమ్మించి, జబ్బు ముదిరితే వొళ్లు ఏమవుతదో చూస్తూ కూచున్నారు. పెన్సిలిన్ వచ్చినంక కూడా ఇవ్వలేదు. 1997లో అధ్యక్షుడు క్లింటన్ క్షమాపణ చెప్పాడు. చచ్చినోళ్లు తిరిగి రాలేదు.

కీడు జరిగేచోట వాడుకున్నదీ వాళ్లనే, మేలు జరిగేచోట వదిలేసిందీ వాళ్లనే. రెండిటి వెనకా ఉన్న చూపు ఒకటే: వీళ్లను అడిగేదేముంది?

తేడా అంతా వాళ్ల రక్తంలోనే ఉందని చెప్పే చదువు కూడా ఉంది. కిడ్నీ ఎంత పనిచేస్తుందో లెక్కగట్టే సూత్రంలో, రోగి నల్లవాడైతే అంకెను పెంచి రాసేవారు. కాగితం మీద కిడ్నీ బాగున్నట్టు కనపడేది. కిడ్నీ మార్పిడి వరసలో పేరు ఎక్కడం ఆలస్యమయ్యేది. 2021లో నిపుణుల సంఘాలు ఆ పద్ధతి వద్దన్నాయి. 2023 నుంచి వేలమంది నల్లవాళ్లకు పోయిన కాలాన్ని వరసలో తిరిగి కలిపారు. జబ్బు తీవ్రతకు రక్తంతో పాటు పేదరికం, ఆలస్యపు వైద్యం, చులకన చూపు కూడా కారణాలే. వాటిని కొలవని పరిశోధన సగం పరిశోధనే.

మనకేం సంబంధం అంటారా? ఖమ్మం జిల్లాను గుర్తుచేసుకోండి. 2009లో పాత్ అనే అమెరికా సంస్థ, మన ప్రభుత్వ సంస్థలు కలిసి అక్కడ వేలమంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా పథకం నడిపాయి. హాస్టళ్లలో చదివే ఆదివాసీ, దళిత పిల్లలు అందులో ఉన్నారు. తల్లిదండ్రుల సంతకం ఉండాల్సినచోట చాలావాటి మీద వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్లో పథకం ఆగింది. 2013లో పార్లమెంటు సంఘం ఈ తీరును తప్పుపట్టింది. కొందరు పిల్లల చావులకు టీకా కారణమని విచారణలో తేలలేదు. టీకా మంచిదే కావచ్చు. కానీ తల్లిని అడగకుండా బిడ్డకు సూది వేసే హక్కు ఎవరిచ్చారు?

కాబట్టి పరిశోధనే వద్దని మనం అనం. అది దొరలకు మందు మిగిల్చి మనల్ని వెనక్కి నెట్టడమే. అడిగి చేర్చుకోండి అంటాం. 2019 నాటి కొత్త మందుల నియమాల ప్రకారం మనకు హక్కులున్నాయి. మందు పరీక్ష గురించి మనకర్థమయ్యే భాషలో చెప్పాలి. చదువు రానోళ్లయితే సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. ఎప్పుడంటే అప్పుడు బయటికి రావచ్చు. పరీక్షవల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి.

సంఘం కార్యకర్తలకు రెండు పనులు. పడుచుపిల్లలకు వారాల తరబడి కీళ్లు వాచి జ్వరం ఉంటే నొప్పిబిళ్లలతో సరిపెట్టకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోండి. మూత్రం, రక్తం పరీక్షలు అడగండి. ఎవరైనా కాగితం చాపి వేలిముద్ర వెయ్యమంటే, ఇంటికి తీసుకుపోయి చదివించుకుని వస్తామని చెప్పమనండి. ఇది మందా, పరీక్షా? హాని జరిగితే ఎవరు చూస్తారు? మందు పనిచేస్తే తర్వాత మాకు దొరుకుతుందా? ఈ మూడూ అడగకుండా వేలు సిరాలో ముంచొద్దు.