పట్టాలను వెనక్కి జరపవద్దు



మా వినుకొండ మీదుగా వెళ్ళే గుంటూరు-గుంతకల్లు రైలుమార్గం ఒకప్పుడు మీటరుగేజి. రెండు పట్టాల మధ్య దూరం 1000 మిల్లీమీటర్లు. నా చిన్నతనంలో నేనెక్కింది ఆ చిన్న బండే. 1990ల దశకంలో దాన్ని బ్రాడ్‌గేజికి మార్చారు. ఇప్పుడు ఆ దూరం 1676 మిల్లీమీటర్లు. ఎవరో పెద్దమనిషికి పాత మీటరుగేజి ఇంజను ఒకటి దొరికిందనుకోండి. దాన్ని నడిపి చూడాలన్న సరదాతో మా ఊరి దగ్గర ఒక మైలు మేర పట్టాలను మళ్ళీ దగ్గరికి జరిపించాడనుకోండి. ఏమవుతుంది? ఆ ఒక్క ఇంజనూ నడుస్తుంది. మిగతా బళ్ళన్నీ ఆగిపోతాయి. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. పట్టాలు బాగుచేసే సామాను తెచ్చే బండి కూడా బ్రాడ్‌గేజి బండే! అదీ రాలేదు.

నవ్వకండి. 2024లో మా బడి కంప్యూటరు గదిలో నేను చేసిన పని సరిగ్గా ఇదే.

మా కంప్యూటర్లలో ఉన్నది లినక్స్. అందులో డెబియన్ అనే రకం, 12వ విడుదల. పదో తరగతి వాళ్ళకు సి భాషలో చిన్న చిన్న ప్రోగ్రాములు రాయడం నేర్పుదామనుకున్నాను. దానికి కంపైలరు కావాలి. ఆ రోజు ఇంటర్నెట్ లేదు. నా పెన్‌డ్రైవులో 2021 నాటి డెబియన్ 11 ప్యాకేజీలు ఉన్నాయి. ప్యాకేజీ అంటే ఒక ప్రోగ్రామునూ దాని ఫైళ్ళనూ కలిపి కట్టిన మూట అనుకోండి. ఏ మూటకు ఏ మూట తోడు కావాలో దానిమీదే రాసి ఉంటుంది. కంపైలరుతో పాటు వేయవలసిన ఒక మూట, తనకు తోడుగా లిబ్‌సి6 అనే మూట 2.31 వెర్షనే ఉండాలని మొండికేసింది. మా కంప్యూటరులో ఉన్నది 2.36. చివరి అంకెలో తేడాయే కదా, తగ్గిస్తే పోతుందనుకున్నాను. వెర్షను తగ్గిపోతున్నదని కంప్యూటరు హెచ్చరించింది కూడా. వినకుండా బలవంతంగా ఎక్కించాను.

ఫైళ్ళ జాబితా చూద్దామని ఎల్‌ఎస్ అని కొట్టాను. జీలిబ్‌సి 2.34 దొరకలేదని జవాబు వచ్చింది. ఫైలుకు నకలు తీసే సీపీ కూడా అదే మాట. సరే, ప్యాకేజీని మళ్ళీ మారుద్దామని డీపీకేజీని పిలిస్తే అదీ అదే మాట! ఆ కంప్యూటరులోనే పిల్లలు రెండు నెలలుగా రోజూ మధ్యాహ్నం ఎక్కించిన ఉష్ణోగ్రతల పట్టిక ఉంది. "సార్, మన లెక్కలన్నీ పోయినట్లేనా?" అని ఒక అమ్మాయి అడిగింది. నా దగ్గర జవాబు లేదు. కంగారులో కంప్యూటరు ఆపి మళ్ళీ వేశాను. అది రెండో తప్పు. అప్పటికే నడుస్తున్న ప్రోగ్రాములు పాత ఊపుమీద కొంతసేపైనా నడిచేవి. ఆపి వేశాక అసలు లేవనే లేదు.

ఎందుకిలా జరిగింది? ఫైలు తెరవడం, మెమరీలో చోటు అడగడం, తెరమీద అక్షరాలు చూపడం వంటి పనులు దాదాపు ప్రతి ప్రోగ్రాముకూ కావాలి. వాటిని ఎవరికి వారు రాసుకోకుండా ఒకేచోట ఉంచి అందరూ వాడుకుంటారు. ఆ ఉమ్మడి సరుకే జీలిబ్‌సి అనే లైబ్రరీ. లిబ్‌సి6 మూటలో ఉండేది అదే. అందులోని ప్రతి పనికీ అది ఏ వెర్షనులో చేరిందో తెలిపే ముద్ర ఉంటుంది. 2021 ఆగస్టులో వచ్చిన 2.34లో, ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు జరిగే పనికే కొత్త ముద్ర వేశారు. ఆ తరువాతి జీలిబ్‌సితో తయారైన ప్రోగ్రాములు మొదటి అడుగులోనే దానికోసం వెతుకుతాయి. 2.31లో అది ఉండదు.

ఇక్కడొక విషయం గమనించండి. కొత్త నిఘంటువులో పాత మాటలూ ఉంటాయి. పాత నిఘంటువులో కొత్త మాటలుండవు. జీలిబ్‌సి కూడా అంతే. పాత ప్రోగ్రాము కొత్త లైబ్రరీ మీద సాధారణంగా నడుస్తుంది. కొత్త ప్రోగ్రాము పాతదానిమీద నడుస్తుందన్న భరోసా లేదు. అందుకే వెర్షను తగ్గించే పనికి తాము బాధ్యత వహించమని డెబియన్ వారు స్పష్టంగానే చెబుతారు. పైగా వెనక్కి వెళితే, ఈ మధ్యలో పూడ్చిన భద్రతా లోపాలు మళ్ళీ తెరుచుకుంటాయి. 2015 జనవరిలో ఘోస్ట్ అనే పేరుతో బయటపడ్డ లోపం జీలిబ్‌సిలో 2000వ సంవత్సరం నుంచీ దాగి ఉన్నదే.

కొత్తదానిలోనే ద్రోహం ఉంటే వెనక్కి పోవద్దా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. 2024 మార్చి 29న అలాంటిదే బయటపడింది. ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ అనే సాధనం 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారు. దూరం నుంచి లాగిన్ కావడానికి సుమారు అర సెకను ఎక్కువ పడుతున్నదేమిటని ఆరా తీసిన ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజనీరు దాన్ని పట్టుకున్నాడు. (అర సెకను! మనలో ఎందరం గమనిస్తాం?) డెబియన్ వారు పాత 5.4.5కే వెళ్ళారు. కాని ఎలా? దానికి "5.6.1+రియల్లీ5.4.5" అని పేరు పెట్టారు. లోపలి సరుకు పాతది, అంకె మాత్రం పెద్దది. కనుక ప్రతి కంప్యూటరూ దాన్ని మామూలు కొత్త వెర్షనులాగే స్వీకరించింది. ఆ మూటను కట్టింది కూడా డెబియన్ భద్రతా బృందం వాళ్ళే. తప్పనిసరై వెనక్కి వెళ్ళినవాళ్ళు కూడా అంత జాగ్రత్త పడ్డారు. నేనైతే ఒక్క మూటను చేత్తో మార్చి ఊరుకున్నాను.

ఆటకో, బొమ్మలు గీసే ప్రోగ్రాముకో పాత వెర్షను వేసుకుంటే పోయేదేమీ పెద్దగా లేదు. నడవకపోతే అదొక్కటే నడవదు. అందరూ ఆనుకొని ఉన్న లైబ్రరీని మాత్రం కదిలించకండి. పాతదే కావాలంటే కంప్యూటరులోపల వర్చువల్ మెషీన్ అనే వేరే గది కట్టి, పాత సరుకంతా అందులో పెట్టుకోండి. నిజానికి నాకు అదీ అవసరం లేదు. ఇంటర్నెట్ వచ్చాక 12కు తగిన కంపైలరు తెచ్చుకుంటే సరిపోయేది. ఒక్కరోజు ఓపిక పట్టలేకపోయాను.

మరునాడు ఇంకో పెన్‌డ్రైవులోని లినక్స్‌తో కంప్యూటరును లేపి చూస్తే పట్టిక భద్రంగానే ఉంది. వెర్షను తగ్గిస్తే సొంత ఫైళ్ళు చెరిగిపోవు, వాటిని తెరిచే దారే మూసుకుపోతుంది. ముందు పట్టికకు నకలు తీసి, తరువాత 2.36ను తిరిగి పెట్టాం.

ఈ సంగతి విని, అడ్మిన్ పాస్‌వర్డు పిల్లలకు చిక్కకుండా చూడమని తోటి ఉపాధ్యాయులు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. పాడుచేసింది పిల్లలా? ప్రతి బడిలోనూ పాడుచేయడానికే ఒక పాత కంప్యూటరు ఉండాలని నా అభిప్రాయం. రసాయనశాలలో పరీక్షనాళికలు పగలకుండా ప్రయోగాలు నేర్చినవాళ్ళెవరు? ఇప్పుడు మా గదిలో ఓ మూల అలాంటిది ఒకటి పెట్టాం. పనికొచ్చే ఫైలు ఏదీ దానిలో ఉంచము. ఇప్పటికి మూడుసార్లు లేవకుండా పోయింది. మొదటి రెండుసార్లు నేను బాగుచేశాను. మూడోసారి నేను వెళ్ళేసరికే తొమ్మిదో తరగతివాళ్ళు పెన్‌డ్రైవు పెట్టి లేపేశారు.