ఆ పది మార్కులూ రఫ్ నోటుకివ్వండి

మార్కాపురంలో ఒక బడి పక్కన జిరాక్సు, స్టేషనరీ షాపు నడుపుతున్నాను. బడిలో ఫార్మేటివ్ (ఎఫ్‌ఏ) పరీక్షలు దగ్గరపడ్డాయని నాకు చార్టులు అడిగేవాళ్ళను చూస్తేనే తెలిసిపోతుంది. పగలు పిల్లలొస్తారు, చీకటి పడ్డాక తల్లులొస్తారు. "అక్కా, సౌర కుటుంబం ఉందా? రేపే ఇవ్వాలంట." ఉంటుంది. నెట్‌లో బొమ్మలు తీసి, కలర్ ప్రింట్ కొట్టి, నాలుగు పేజీల మేటరు జతచేసి స్పైరల్ బైండింగు వేసిస్తాను. పిల్లవాడికి మిగిలే పని అట్ట మీద పేరు రాసుకోవడమే. ఒక్కోసారి అదీ అమ్మే రాస్తుంది, దస్తూరి బాగుంటుందని.

ఇది నా వ్యాపారం, దాచేదేముంది! అయినా చెప్తున్నాను, ప్రాజెక్టు పని మార్కులు పడాల్సిన చోట పడటం లేదు.

సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకనం) తెచ్చినప్పటి ఆలోచన మంచిదే. బట్టీపట్టి రాసే పరీక్ష ఒక్కటే చాలదని, ఎఫ్‌ఏ 50 మార్కుల్లో స్లిప్ టెస్టుకు 20 ఉంచి, తరగతిలో పాల్గొన్నందుకు, రాత పనులకు, ప్రాజెక్టు పనికి తలా 10 పంచారు. తర్వాత పేర్లూ పద్ధతులూ మారుతూ వచ్చాయి గానీ పుస్తకాల్లో ప్రాజెక్టు పని మాత్రం నిలిచే ఉంది. అది అడిగేదేమిటో చదివి చూడండి. మీ ఊళ్ళో పెద్దవాళ్ళను అడగండి, వివరాలు సేకరించండి, పట్టిక తయారు చేయండి, తరగతిలో చర్చించండి అంటుంది. షాపులో కొనుక్కురమ్మని ఎక్కడా లేదు. తీరా టీచరు బల్ల మీదికి చేరేది మాత్రం ఫైళ్ళ గుట్ట. అందులో ఎవరు ఎవరిని అడిగి రాశారో కనుక్కునే తీరిక ఆయనకెక్కడిది? మెరిసే అట్టకు మార్కులు పడిపోతాయి.

పోయిన ఏడాది తర్లుపాడు వైపు పల్లె నుంచి తొమ్మిదో తరగతి పాప ఒకతి వచ్చి గీతల నోటు, స్కేలు, అంటించే లేబుళ్ళు తీసుకుంది. "చార్టు వద్దా పాపా?" అంటే, "నీళ్ళ మీద ప్రాజెక్టు, ఆంటీ. నేనే చేస్తా" అంది. వాళ్ళ నాయనమ్మకు మోకాళ్ళు వంగవు, నడుమూ వంగదు. నీళ్ళలోని ఫ్లోరైడు వల్లేనని ఊరంతా అంటారు. ఏ బోరు నీళ్ళ వల్లో అడిగితే మాత్రం ఒక్కరూ చెప్పలేరు. ఈ పిల్ల తేల్చాలనుకున్నది అదే.

జిరాక్సుకని వచ్చినప్పుడు ఆ నోటు మొత్తం తిరగేశాను. మొదట వాటర్ ప్లాంటు అబ్బాయిని బతిమాలి టీడీఎస్ మీటరు తెచ్చుకుంది. వీధి బోరు, చేని బోరు, బడి ట్యాంకు, ప్లాంటు క్యాను అని సీసాలకు లేబుళ్ళు అంటించి, పేజీ నిండా అంకెలు వేసింది. ఆ పేజీ మీదే ఈ చివర నుంచి ఆ చివరకు పెద్ద ఇంటూ మార్కు. ఎందుకంటే ఆ మీటరు నీళ్ళలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి ఒక అంకె చూపిస్తుంది, అందులో ఫ్లోరైడు ఎంతో విడదీసి చెప్పదు. ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. వందల్లో పలికే టీడీఎస్ అంకెలో అది ఏ మూలకు కనపడుతుంది? రోజూ క్యాను కొనుక్కునే పెద్దమనుషుల్లోనే చాలామందికి ఈ సంగతి తెలియదు. మీటరు తక్కువ చూపించిందంటే ఫ్లోరైడు లేనట్టేనని ధీమాగా తాగుతున్నారు.

ఆ పేజీని ఆ పిల్ల చించెయ్యలేదు. కింద "ఈ మీటరుతో తేలదు, వేరే పరీక్ష కావాలి" అని రాసుకుంది. తర్వాత ఊళ్ళో నీళ్ళ పరీక్ష కిట్టు ఎవరి దగ్గరుందో కనుక్కుంది. నీళ్ళలో మందు వేసి, వచ్చిన రంగును పట్టికతో సరిచూడాలి. అక్కడ ఇంకో చిక్కు. తనకు పసుపుగా కనపడింది తమ్ముడికి గులాబీగా కనపడింది. ఎండలో ఒక రంగు, ట్యూబులైటు కింద ఇంకో రంగు. దాంతో ఇద్దరూ ఒకే చోట, ఒకే వేళకు చూడాలని, ఒకరు రాసింది ఇంకొకరు చూడకూడదని నియమం పెట్టుకున్నారు. ఇది వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. చివరికి వీధి బోరు నీళ్ళు 1.5 గీతకు అవతల పడ్డాయి, చేని బోరువి ఇవతల. రెంటికీ మధ్య పెద్ద దూరం కూడా లేదు. ఫ్లోరైడు నేలలోని రాళ్ళ నుంచి కరిగి వస్తుంది కాబట్టి బోరు లోతు మారినా, అడుగున రాయి మారినా నీళ్ళు మారిపోతాయి. మరి ఆ బోర్ల లోతెంత? ముగ్గురు పెద్దమనుషులు మూడు లెక్కలు చెప్పారు. మూడూ రాసి, ఏది ఎవరు చెప్పారో పక్కనే పెట్టింది.

దానికి పదికి ఏడొచ్చాయి. బొమ్మలు లేవు, కొట్టివేతలు ఎక్కువగా ఉన్నాయి అన్నారట. అదే తరగతిలో నా దగ్గర కొన్న సౌర కుటుంబానికి తొమ్మిది.

కొట్టివేతలు లేకుండా ఎవరైనా ఏదైనా కనిపెట్టారా అసలు? మన దేశంలో ఈ ఫ్లోరైడు జబ్బును, అంటే ఫ్లోరోసిస్‌ను, 1937లో గుర్తించింది మా చుట్టుపక్కలే, అప్పటి నెల్లూరు జిల్లాలో. దర్శి, పొదిలి అప్పట్లో ఆ జిల్లాలోవే, 1970లో కొత్త జిల్లాలో కలిశాయి. డాక్టర్లు రాకముందే రైతులు పసిగట్టారు. కాడి కట్టిన ఎద్దులు కీళ్ళు పట్టేసి నడవలేకపోతున్నాయని చూశారు. మనుషుల్లో అదే జబ్బు బయటపడింది తర్వాత. ఎద్దు నడకలో తేడా చూసిన ఆ రైతు పనికీ, సీసాలకు లేబుళ్ళు అంటించిన ఈ పిల్ల పనికీ నాకైతే తేడా కనపడదు.

ఇలాంటి సరుకు ఈ ప్రాంతం నిండా ఉంది. తల్లి పలకల ఫ్యాక్టరీలో పనిచేసే పిల్లాడు నా దగ్గరికొచ్చి థర్మోకోల్ అగ్నిపర్వతం అడుగుతాడు. దేశంలో ఎందరో పిల్లలు అక్షరాలు దిద్దిన పలక ఈ ఊరిది. ఆ రాయి పొరలు పొరలుగా ఎందుకు చీలుతుందో, ఏ రాయి విరిగిపోతుందో, ఏది నిలుస్తుందో వాళ్ళమ్మ చేత్తో తట్టి చెప్పగలదు. ఆమెను ఒక్క మాట అడిగే పని మాత్రం వాడికి ఎవరూ పెట్టరు. మా పుట్టిల్లు గిద్దలూరు. దారిలో కంభం చెరువు, గుండ్లకమ్మ మీద కట్టిన పాతకాలపు చెరువు. దాన్ని 2020లో అంతర్జాతీయ సాగునీటి సంఘం వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఆ ఒడ్డు పల్లెల పిల్లలు కట్ట మీద ఒక రాయికి గుర్తు పెట్టుకుని, నీళ్ళు ఎప్పుడెంత దిగాయో రాసుకుంటే చాలు, ఏడాది ప్రాజెక్టు అయిపోతుంది. పైసా ఖర్చులేదు. నాకూ పైసా రాదు.

తల్లులను తప్పు పట్టలేను. పొద్దంతా పనికి పోయొచ్చినవాళ్ళు రాత్రిపూట పిల్లను వెంటేసుకుని బోర్ల చుట్టూ ఏం తిరుగుతారు? అందుకే ప్రాజెక్టులు తగ్గించండి. టర్ముకు ఒక్కటి చాలు, అదీ అన్ని సబ్జెక్టులకూ కలిపి. చార్టు, బైండింగు ఉంటే మార్కు కోస్తామని బడిలో ముందే చెప్పండి. జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌కు వెళ్ళే పిల్లలను లాగ్ పుస్తకం అడుగుతారు, ఏ రోజు ఏం చేశారో అందులో ఉండాలి. ఏరి పంపే కొద్దిమందికి ఉన్న ఆ పద్ధతి మామూలు తరగతికి ఎందుకుండకూడదు? టీచర్లకు భారమంటారా? రఫ్ నోటు తెరిచి రెండే రెండు ప్రశ్నలడగండి: ఎవరిని అడిగావు, ఎక్కడ తప్పింది? నేను బైండింగు చేసిచ్చిన ఫైలు పట్టుకొచ్చినవాడు రెండో దానికి నీళ్ళు నములుతాడు.

ఆ పాప ఇప్పుడు పదో తరగతి. ప్లాంటులో ఒక బిందె మంచినీళ్ళు తయారయ్యేలోపు ఎన్ని బిందెల నీళ్ళు కాలవలోకి వదిలేస్తున్నారో కొలుస్తోందట. ప్లాంటు వాళ్ళు ఈసారి మీటరు ఇవ్వలేదని చెప్పింది. అది అవసరం లేదని, బిందె చాలని కూడా చెప్పింది.